కాటా ఎక్కిన బుంగ

మా బావ దగ్గర 'సుమారు' అనే మాట వాడకూడదు. పొరపాటున వాడితే చేస్తున్న పని ఆపి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "సుమారంటే ఎంత?" అని అడుగుతాడు. చెప్పేదాకా వదలడు. తప్పు ఆయనది కాదు, చేసే పనిది. ఆయన కాటాలు బాగు చేస్తాడు. కూరగాయల కొట్టు కాటా, నగల దుకాణంలో అద్దాల పెట్టెలో ఉండే బుల్లి కాటా, గోదాములో బస్తాలు తూచే పెద్ద కాటా, ఏది అబద్ధం చెప్పడం మొదలుపెట్టినా చివరికి మా బావ బల్ల మీదికి రావలసిందే. వీధిలో అందరూ ఆయన్ని ముల్లు మాస్టారు అంటారు. పాఠాలు చెప్పే మాస్టారేం కాదు. కాటా ముల్లు సున్నా మీద నిలబడేదాకా లేచి భోజనానికి కూడా రాడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఆయనకో పద్ధతి ఉంది. ఏ వస్తువునైనా మూడుసార్లు తూస్తాడు. "మొదటి తూకం కాటా కోసం, రెండోది మన కోసం, మూడోది దేవుడి కోసం" అంటాడు. మూడూ ఒక్కటైతేనే కాగితం మీద రాస్తాడు. ఇంట్లోకి ఉప్పు ప్యాకెట్టు కొన్నా అంతే. ఇలాంటి మనిషిని పాతికేళ్లుగా భరిస్తున్నందుకు మా అక్కకి ఎవరైనా పతకం ఇవ్వాలి.

నేను వాళ్ల పై వాటాలో ఉంటాను. అచ్చుకు వెళ్లే పుస్తకాల్లో తప్పులు దిద్దడం నా పని. కింద ముందు గది బావ దుకాణం, వెనక గదుల్లో బావ, అక్క, మా అమ్మ. అమ్మ నా దగ్గర ఎందుకు ఉండదంటే, నా వాటాకి ఇరవై రెండు మెట్లున్నాయి, ఆవిడకి మోకాళ్లు రెండే ఉన్నాయి. ఇది ఆవిడ చెప్పే కారణం. అసలు కారణం బుంగ.

బుంగ పగ్ జాతి కుక్క. ఆరేళ్ల కిందట అక్క ఎవరి దగ్గర్నుంచో అరచేతిలో పట్టేంత పిల్లని తెచ్చింది. నల్లటి ముఖం, పరిగెత్తుకుంటూ వచ్చి తలుపుకి గుద్దుకున్నట్టు లోపలికి పోయిన ముక్కు, లోకంలో ఎవరూ తనకి న్యాయం చెయ్యలేదన్నట్టు ఎప్పుడూ ముడుచుకున్న మూతి. ఆ బుంగమూతి చూసి అమ్మే ఆ పేరు పెట్టింది. నాకు కుక్కలంటే పడదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాను. బుంగకి కూడా చెప్పాను. వాడు నా చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోయాడు.

ఆ నిద్ర గురించి కొంచెం చెప్పాలి. కింద బుంగ గురక పెడితే పైన నా బల్ల మీద పెన్సిలు దొర్లుతుంది. మెలకువగా ఉన్నప్పుడూ ఊరుకోడు, ఊపిరి తీస్తే ఒక చప్పుడు, వదిలితే ఇంకో చప్పుడు. రోజూ పొద్దున్నే ముఖం మీది ముడతలన్నీ విప్పి పొడిబట్టతో తుడవాలి. లేకపోతే చెమ్మ చేరి కంపు కొడుతుంది. ఆ పని బావది. నగల కాటా పళ్లెం తుడిచినంత జాగ్రత్తగా ఒక్కో ముడతా తుడుస్తాడు. ఇల్లంతా రాలే బొచ్చు సంగతి అక్క చూస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక వీధి చివరిదాకా నడిపించడం అమ్మ పని. పై నుంచి అరవడం నా పని.

చలికాలం ఇంకా పోలేదు. ఒక మధ్యాహ్నం ఎందుకో ఎండ పేల్చింది, దానికి తోడు కరెంటు పోయింది. బల్ల కింద పడుకున్న బుంగ లేచి, రెండడుగులు వేసి, పక్కకి ఒరిగిపోయాడు. నాలుక నీలంగా మారింది. బావ వాణ్ణి రెండు చేతుల్లో ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీద పరుగు తీశాడు. నోట్లో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. ఆయన వెనక నేను. నా వెనక, కాటా తీసుకెళ్లడానికి వచ్చిన పళ్ల కొట్టాయన. ఆయనెందుకు పరిగెత్తాడో ఈ రోజుకీ ఆయనకే తెలియదు.

నాలుగు వీధుల అవతల జంతువుల డాక్టరమ్మ ఉంది. తడిగుడ్డలు చుట్టి, ఆక్సిజన్ పెట్టి, అరగంటలో బుంగని మనుషుల్లో పడేసింది. ఆ తర్వాత చేతులు కట్టుకుని మా ముందు నిలబడింది.

"వీడి ముక్కు రంధ్రాలు మరీ సన్నం. గొంతు వెనకాల మెత్తటి పొర కూడా దారికి అడ్డం పడుతోంది. ఆపరేషన్ చేస్తే హాయిగా ఊపిరి పీలుస్తాడు. చెయ్యకపోతే ఈ ఎండాకాలం దాటడం కష్టం."

బావ నోట్లోంచి స్క్రూడ్రైవరు తీశాడు. "అయితే చేసెయ్యండి."

"ఈ బరువుతో మత్తివ్వలేను. పదకొండు కిలోల రెండు వందల గ్రాములున్నాడు. పది కిలోల లోపుకి దింపి తీసుకురండి. మూడు నెలలు టైముంది. ఆపైన ఎండలు ముదిరిపోతాయి."

బావ తల ఊపాడు. ఊపి, గోడ పక్కన ఉన్న డాక్టరమ్మ కాటా వైపు చూశాడు. "దాన్ని ఎప్పుడు సరిచూపించారు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఇత్తడి తూకపు రాళ్ల పెట్టెతో అక్కడికి వెళ్లాడు. బుట్టలో పిల్లి, పంజరంలో చిలక, వాటిని పట్టుకుని కూర్చున్న నలుగురు మనుషులు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, కాటా మీద ఒక్కో రాయీ పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. మూడుసార్లూ గ్రాము తేడా లేదు. "మంచి కాటా" అన్నాడు నీరసంగా. కాటా నిజం చెప్పినందుకు మా బావ బాధపడడం నేను చూసింది అదొక్కసారే.

ఇక ఇంట్లో పథ్యం మొదలైంది. రోజుకి కుక్కల కోసం అమ్మే ఎండు తిండి గింజలు నూట ఇరవై గ్రాములు, అంతకి ఒక్క గింజ మించకూడదంది డాక్టరమ్మ. బావకి అంతకన్నా ఏం కావాలి? నగల కాటా మీద తూచేవాడు. ఒక గింజ ఎక్కువైతే బ్లేడుతో సగానికి కోసేవాడు. ఇంకేమీ పెట్టబోమని ఇంటిల్లిపాదీ చేతా ఒట్టు వేయించాడు. నాకు కుక్కలంటే పడదయ్యా అన్నా వినకుండా నా చేత కూడా వేయించాడు. నేను రొట్టె అంచులు మెట్ల మీద పారేసేవాణ్ణి, వాడొచ్చి తినేవాడు, దానికీ పెట్టడానికీ చాలా తేడా ఉందని నా వాదన. అయినా మానేశాను. బుంగ నాలుక నీలంగా మారడం నేనూ చూశాను.

రోజూ బావ వాణ్ణి దుకాణంలో తూచేవాడు కూడా. గాలి తగిలితే ముల్లు ఆగదని తలుపు వేసుకుని మరీ తూచేవాడు.

నెల తిరిగింది. బుంగ పదకొండు కిలోల నాలుగు వందలకి చేరాడు.

బావ ఒంటికాలి మీద లేచాడు. ఇంట్లో ఎవరో దొంగచాటుగా పెడుతున్నారని తేల్చేశాడు. ఆ రోజు నుంచి వంటింట్లో రొట్టె, వెన్న, పాలు, బిస్కెట్ల డబ్బా అన్నీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తూకానికి వచ్చాయి. అక్క మధ్యాహ్నం ఆకలేసి రెండు రొట్టె ముక్కలు తిన్న పాపానికి సాయంత్రం అరవై గ్రాములకి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. "నా ఇంట్లో నేను తినడానికి నీకు చీటీ రాసివ్వాలా?" అని ఆవిడ గరిటె పట్టుకుని నిలబడితే బావ కొంచెం తగ్గాడు. కానీ వెతకడం మానలేదు. కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాశాడు.

ఒక సాయంత్రం అమ్మ, బుంగ నడక నుంచి వచ్చారు. బావ గుమ్మంలోనే వంగి, బుంగ మీసం మీది నుంచి ఏదో వేలికి అద్దుకుని వెలుతురులో చూశాడు.

"అత్తయ్యగారూ, ఇది బిస్కెట్టు పొడి."

"అయితే ఏం చెయ్యమంటారు అల్లుడుగారూ?"

"మీరు పెట్టారా?"

"నేనెందుకు పెడతాను? నాతో బయల్దేరేటప్పటికే వీడు మూతి నాకుకుంటున్నాడు."

బావ నమ్మలేదు. రేపటి నుంచి బుంగ నడకకి రాడని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. అమ్మ మర్నాడు సాయంత్రం చెప్పులేసుకుని, చేతిలో తాడు లేకుండా, ఒక్కర్తే వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. బుంగ కిటికీలోంచి చూస్తూ ఏడిచాడు. నాకు బావ మీద ఒళ్లు మండింది. మా అమ్మ అబద్ధాలాడదని కాదు, వయసు విషయంలో ఆడుతుంది, నేను చేసే కూరలు బాగుంటాయని ఆడుతుంది. కానీ బుంగ ప్రాణంతో ఆడదు.

నడక పోయేసరికి బుంగ ఇంకా బరువెక్కాడు. గుమ్మం దాటడానికే రొప్పేవాడు. బావకి భయం పట్టుకుంది. భయపడినప్పుడు మా బావకి తెలిసింది ఒక్కటే, ఇంకా జాగ్రత్తగా తూచడం. రోజుకి ఒక పూట తూచేవాడల్లా మూడు పూటలూ మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే నా కళ్లజోడు మర ఊడిపోయింది. బావ దగ్గర చిన్న మరలుంటాయి కదా అని, మూసి ఉన్న దుకాణం తలుపు తట్టకుండా తోసుకుని లోపలికి వెళ్లాను.

బావ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పాత ముల్లు కాటా నేల మీద ఉంది. పిలవకముందే బుంగ తనంతట తాను వచ్చి దాని మీదికి ఎక్కాడు. బావ పక్కనున్న గాజు సీసాలోంచి ఒక బిస్కెట్టు తీసి ఇచ్చాడు. ఎక్కినందుకు. ముల్లు అటూ ఇటూ ఊగి నెమ్మదించేదాకా బుంగ కదలలేదు. ఇంకోటి ఇచ్చాడు. కదలనందుకు. తూకం చీటీ మీద రాసుకుని, "దిగు నాన్నా" అన్నాడు. వాడు దిగాడు. దిగినందుకు ఒకటి. "రెండో తూకం" అన్నాడు బావ. బుంగ మళ్లీ ఎక్కాడు.

"బావా, అవేంటి?"

"తలుపెయ్యి, గాలొస్తోంది."

"వేశాను. అవేంటి?"

"కుక్క బిస్కెట్లు. లేకపోతే వీడు నిలబడడు కదా. వీడు నిలబడకపోతే ముల్లు నిలబడదు."

"మరి ఇవి ఆ నూట ఇరవై గ్రాముల్లో కలిపావా?"

బావ నా వైపు జాలిగా చూశాడు. "అది తిండి. ఇది పని సామాను." అలమరలో వరసగా ఉన్న గ్రీజు డబ్బా, గుడ్డ పీలికలు, ఖాళీ చోటు చూపించాడు. ఆ ఖాళీ చోటు బిస్కెట్ల సీసాది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రోజుకి ఎన్ని పెడుతున్నావు?" అని మాత్రం అడిగాను.

"ఎన్నేమిటి? మూడు పూటలు. పూటకి మూడు తూకాలు. తూకానికి మూడు..." అని ఆగిపోయాడు.

నగల కాటా ముందుకు లాక్కుని ఒక బిస్కెట్టు పెట్టాడు. మూడున్నర గ్రాములు. సీసా బోర్లించి ఇరవై ఏడు ఏరి పళ్లెంలో కుప్ప పోశాడు. తొంభై నాలుగున్నర గ్రాములు. రెండోసారి తూచలేదు. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది.

"నేనేరా" అన్నాడు. "ఇన్నాళ్లూ వీడి గొంతు మీద కూర్చున్నది నేనే."

కింది పెదవి ముందుకొచ్చి మూతి అచ్చం బుంగ మూతిలా అయింది. ఇంకెప్పుడైనా అయితే ఏడాదిపాటు చెప్పుకుని నవ్వేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఈలోగా ఇరవై ఏడు బిస్కెట్లు ఒక్కచోట చూసిన బుంగ, వెళ్లి కాటా ఎక్కి, జన్మలో కదలనన్నట్టు నిలబడ్డాడు.

అమ్మ వెనక గదిలో మేజోళ్లు కుడుతోంది. బావ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. తలుపు దగ్గర నేను, నా పక్కన గరిటెతో అక్క.

"అత్తయ్యగారూ, తప్పు నాదే. బిస్కెట్లు పెట్టింది నేను."

"ఎన్ని గ్రాముల తప్పు అల్లుడుగారూ?"

"రోజుకి తొంభై నాలుగున్నర."

"మూడుసార్లు తూచారా?"

"ఒక్కసారే. చాలనిపించింది."

అమ్మ సూది గుచ్చి మేజోడు పక్కన పెట్టింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు, బావకి తెలియదు. "సరే, నాదొక్కటే షరతు. మళ్లీ డాక్టరమ్మ దగ్గర కాటా ఎక్కేదాకా వీణ్ణి ఇంట్లో ఎవరూ తూచకూడదు. ముఖ్యంగా మీరు."

బావ బేరానికి దిగాడు. "వారానికి ఒకసారైనా..." అన్నాడు. అమ్మ మేజోడు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సరేనండీ" అన్నాడు.

గడువుకి మిగిలిన ఆ ఏడు వారాలు బావ పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ముద్దు చేసే నెపంతో బుంగని ఎత్తుకుని, ఒక కన్ను మూసి, చేతుల్లో పైకీ కిందికీ ఆడించి చూసేవాడు. "దింపండి" అనేది అమ్మ పక్క గదిలోంచి. ఎలా తెలిసేదో మరి. చేతులూరుకోక ఇంట్లో దిండ్లు తూచాడు, అక్క చెప్పులు తూచాడు. నేను అడక్కపోయినా నా పెద్ద నిఘంటువు బరువు రెండు కిలోల నూట పది గ్రాములని వచ్చి చెప్పి వెళ్లాడు.

బుంగ సంగతి ఇంకా అన్యాయం. దుకాణంలోకి రానివ్వకపోయేసరికి, పలకగా ఉన్నదల్లా కాటాయే అనుకున్నాడు. కాళ్లు తుడుచుకునే పట్టా మీద ఎక్కి నిలబడేవాడు. పరిచిన పేపరు మీద, మూసిన సూట్‌కేసు మీద, నేను నేల మీద పెట్టుకున్న కాగితాల మీద ఎక్కి, కదలకుండా, బిస్కెట్టు కోసం మా ముఖాల వంక చూసేవాడు. ఎవరూ ఏమీ ఇవ్వకపోతే దిగి, తను ఎక్కడం మేం చూడలేదేమోనని మళ్లీ ఎక్కేవాడు. బావ ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయేవాడు.

అమ్మ మాత్రం వదల్లేదు. మొదట వీధి చివరిదాకా, తర్వాత పార్కు దాకా, ఆ తర్వాత పార్కు చుట్టూ రెండుసార్లు, పొద్దునా సాయంత్రం ఎండ లేని వేళ చూసి నడిపించింది. మెడకి పట్టీ అయితే ఊపిరికి అడ్డమని ఛాతీకి పట్టీ కొనిపించింది. వాడు అలిసిపోతే బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకునేది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలియని స్థితికి వచ్చారు. ఒక రోజు ఆవిడ ఇరవై రెండు మెట్లూ ఎక్కి నా గదికి వచ్చి, రొట్టె అంచులు ఎక్కడ పారేస్తున్నానో స్వయంగా చూసి వెళ్లింది.

డాక్టరమ్మ పెట్టిన గడువు రోజు వచ్చింది. నలుగురం వెళ్లాం. బావ గోడవైపు తిరిగి, కడుపులో పురుగుల గురించి అక్కడ అంటించిన పటం చదువుతూ నిలబడ్డాడు. బుంగకి కాటా కనపడింది. ఎవరూ చెప్పకుండానే దర్జాగా నడిచి వెళ్లి ఎక్కాడు. నాలుగు కాళ్లూ దగ్గరికి పెట్టి, ఛాతీ విరుచుకుని, ఊపిరి తప్ప ఏదీ కదలకుండా నిలబడ్డాడు.

"నా సర్వీసులో ఇంత బుద్ధిగా తూకానికి నిలబడిన కుక్కని చూడలేదు" అంది డాక్టరమ్మ. "తొమ్మిది కిలోల తొమ్మిది వందలు."

బావ గిరుక్కున తిరిగాడు. "ఇంకో రెండుసార్లు..." అని నోరు తెరిచి, అమ్మ వైపు చూసి, మూసేసుకున్నాడు. బుంగ బిస్కెట్టు కోసం డాక్టరమ్మని, కంపౌండరుని, చివరికి నన్ను కూడా చూశాడు. ఎవరూ కదలకపోయేసరికి మూతి ఇంకాస్త ముడిచాడు. ఆ మూతి ఇంకా ముడవడానికి వీలుందని నాకప్పటిదాకా తెలియదు.

మర్నాడు పొద్దున ఆపరేషన్. తీసుకెళ్లేముందు బావ వాడి ముడతలన్నీ తుడిచాడు, తుడిచినవే మళ్లీ తుడిచాడు. అక్క వచ్చి గుడ్డ లాక్కుంది. బయట బెంచీ మీద కూర్చున్నాం. బావ గోడ గడియారం రెండు నిమిషాలు వెనక ఉందన్నాడు, అది తప్ప గంటన్నరసేపు మాట్లాడలేదు. వీడికి ఏమన్నా అయితే నేనెలా బతకనని ఆయన పైకి అనలేదు గాని, పక్కన కూర్చున్న నాకు వినపడుతూనే ఉంది.

తలుపు తెరిచి రమ్మన్నారు. బుంగ దుప్పటి మీద పక్కకి పడుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాయి. గదిలో చప్పుడు లేదు.

ఆరేళ్లలో బుంగ చప్పుడు చెయ్యకుండా ఉన్న నిమిషం లేదు. పడుకుంటే గురక, లేస్తే రొప్పు, తింటే గరగర. ఇప్పుడు ఏమీ లేదు. బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. "అయిపోయింది" అన్నాడు. అని అక్కడే నేల మీద కూలబడి బావురుమన్నాడు. "మొదట్లోనే నేను తూచకుండా ఉంటే బాగుండును, ఒక్కరోజు తూచకుండా ఉంటే..." అంటూ మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. కుక్కలంటే పడని నేను గోడకి ఆనుకుని ఏడుస్తున్నాను. చేతులు కడుక్కుంటున్న డాక్టరమ్మ, కుళాయి కట్టెయ్యకుండానే, ఏమయిందని మా వైపు తిరిగింది.

అమ్మ మాత్రం మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్లింది. వంగి, బుంగ కొత్త ముక్కు ముందు అరచెయ్యి పెట్టింది. తర్వాత బావ దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని లేవదీసి తీసుకెళ్లి, ఆ చెయ్యి బుంగ పక్కటెముకల మీద ఆనించింది. బావ వేళ్లు మెల్లగా లేచాయి, మెల్లగా దిగాయి. మళ్లీ లేచాయి.

పాతికేళ్లుగా అల్లుణ్ణి 'మీరు' అని తప్ప పిలిచి ఎరగదు మా అమ్మ.

"ఊపిరి పీలుస్తున్నాడు నాన్నా, చప్పుడు లేదంతే" అంది. "ఇంక నువ్వు కూడా పీల్చుకో."